పెంకు మేస్త్రి లెక్క

ఏప్రిల్ నెలాఖరున కోలారు జిల్లా మీద మబ్బు కమ్మిందంటే శ్రీనివాసపురం రైతు తోటలో కాయ వైపు చూస్తాడు, చాంపియన్ రీఫ్స్‌లో పాత ఇళ్లవాళ్లు నెత్తిమీది కప్పు వైపు చూస్తారు. మామిడి జల్లులు పడే రోజుల్లోనే వడగండ్లూ పడతాయి. మర్నాటి పేపర్లో రాలిన మామిడి గురించీ చితికిన టమాటా గురించీ వార్త వస్తుంది. పగిలిన కప్పుల గురించి ఒక వాక్యం ఉంటే ఉంటుంది, లేకుంటే లేదు. వాన వెలిశాక నిచ్చెన వేసుకుని పైకెక్కే పెంకు మేస్త్రి గురించి ఆ ఒక్క వాక్యం కూడా ఉండదు. అతని పనిని దగ్గర నుంచి చూపించాలని ఈ వ్యాసం. బీమా సంగతి కూడా మధ్యలో వస్తుంది. మేస్త్రి కప్పు మీద వేసే లెక్కే కింద ఆఫీసులో క్లెయిమ్‌ను నిలబెడుతుందని నా నమ్మకం.

చాంపియన్ రీఫ్స్ ఉన్న కేజీఎఫ్, అంటే కోలార్ గోల్డ్ ఫీల్డ్స్, తెలియనివారికి రెండు మాటలు. జాన్ టేలర్ అండ్ సన్స్ కంపెనీ 1880ల నుంచి ఇక్కడ బంగారు గనులు నడిపింది. మైసూర్, చాంపియన్ రీఫ్, ఊరిగాం, నందిదుర్గ్ పెద్ద గనులు. శివనసముద్రం నుంచి 1902లో కరెంటు తెచ్చుకున్న ఊరిది. చాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లకు పైగా లోతుకు దిగింది. చివరికి భారత్ గోల్డ్ మైన్స్ చేతిలో ఉండగా 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. భూమి కింది చరిత్ర గురించి చాలామంది రాశారు. భూమి మీద మిగిలినవి ఇళ్లు: అధికారులకు ఎత్తైన వాలు కప్పుల పెంకుటి బంగళాలు, కూలీలకు వరసగా కట్టిన లైన్ ఇళ్లు. ఉత్తర ఆర్కాటు నుంచి వచ్చిన తమిళులూ, చిత్తూరు వైపు నుంచి వచ్చిన తెలుగువాళ్లూ ఆ లైన్లలో తరాలు గడిపారు. మొదట్లో వెదురు తడికెల గుడిసెలు, పోనుపోను పెంకులూ జింకు రేకులూ ఆస్బెస్టాస్ రేకులూ వచ్చాయి. కంపెనీ ఉన్నన్నాళ్లూ ఇల్లు కంపెనీది, కప్పు బాధా కంపెనీదే. గేటుకు తాళం పడ్డాక ఆ బాధ లోపల పడుకునేవాడి నెత్తిన పడింది.

ముందు పెంకు సంగతి చూద్దాం. బాసెల్ మిషన్ వాళ్లు 1865లో మంగళూరులో ఫ్యాక్టరీ పెట్టి, అక్కడి నదుల ఒడ్డు బంకమట్టితో మొదలుపెట్టిన రకం ఇది. కోస్తాలో కొందరు బెంగళూరు పెంకు అంటారు గానీ పుట్టిల్లు మంగళూరే. పొడవు సుమారు 41 సెంటీమీటర్లు, వెడల్పు 23 పైచిలుకు, బరువు రెండు నుంచి మూడు కిలోలు. దీనికి ఐఎస్ 654 అని భారతీయ ప్రమాణం కూడా ఉంది. నీళ్లలో నానబెడితే తన బరువులో ఐదో వంతుకు మించి పీల్చకూడదని అందులో ఒక షరతు. అంతకు మించి తాగే పెంకు లోపలివాళ్ల మీద చెమ్మ దించుతుంది.

తిరగేసి చూస్తే దీని తెలివి తెలుస్తుంది. పై అంచు దగ్గర అడుగున రెండు ముక్కులుంటాయి. అవి రీపరు చెక్కను పట్టుకుని వేలాడతాయి. ఒక పక్క అంచున గాడి, రెండో పక్క అంచున ఆ గాడిలో కూర్చునే పెదవి. పై వరస పెంకు కింది వరస పెంకు తలను ఆరేడు సెంటీమీటర్ల మేర కప్పుతుంది. మామూలు వాలు మీద మేకు అక్కర్లేదు, సున్నం అక్కర్లేదు. తన బరువుతో, పక్కవాటి ఒత్తిడితో అలా పడి ఉంటుంది. చదరపు మీటరుకు ఇంచుమించు పదిహేను పెంకులు, అంటే నూరు చదరపు అడుగులకు నూట నలభై దాకా. ఇన్నింటిలో ఏ ఒక్కటి పగిలినా మిగతా నూట ముప్పై తొమ్మిదినీ ఊడదీయకుండా దాన్ని మార్చవచ్చు. దీన్ని రూపొందించినవాడు విరగని పెంకు చేయాలని మొండికెయ్యలేదు. విరిగినదాన్ని సులువుగా తీసేలా చేశాడు. ఇంటి కప్పులన్నింటిలో దీన్ని నేను గొప్పదనడానికి కారణం ఇదే.

ఇప్పుడు వడగండ్లు. సెనగగింజంత రాయి కప్పు మీద చప్పుడు చేసి పోతుంది. నిమ్మకాయంత రాయి వస్తే వేరే కథ. రాయి అడ్డకొలత రెండింతలైతే బరువు ఎనిమిదింతలవుతుంది. పడే వేగం కూడా పెరుగుతుంది కాబట్టి దెబ్బ బలం సుమారు పదహారింతలు. అందుకే పోయినేడు కూడా పడ్డాయి, ఏమీ కాలేదే అన్న మాట మీద భరోసా పెట్టుకోలేం. పెంకు తలభాగం రీపరు మీద, కాలిభాగం కింది పెంకు మీద ఆనుతుంది. నడుమ గుల్ల. పెద్ద రాయి నడుమ పడితే పెంకు అడ్డంగా రెండవుతుంది. అంచు మీద పడితే అర్ధచంద్రాకారంలో పెచ్చు లేస్తుంది. ఈ రెండో రకం కింది నుంచి కనబడదు, మొదటి వానకు కారదు, జూన్‌లో తెలుస్తుంది.

మంచి మేస్త్రి ముందు కప్పెక్కడు. ఇంట్లోకి వెళ్లి తలుపులూ కిటికీలూ మూయించి చీకటి చేయిస్తాడు. మిట్టమధ్యాహ్నం అయితే పగులున్న ప్రతిచోటా వెలుతురు సూదిమొనలా దిగుతుంది. ఆ చుక్క కింద నేల మీద సుద్దముక్కతో గుర్తు పెడతాడు. గదికి ఒక మూల నుంచి రీపర్లు లెక్కపెట్టి, ఫలానా వరస, ఫలానా నిలువు అని గొణుక్కుంటాడు. తర్వాత బయటికొచ్చి ఇంటి చుట్టూ తిరుగుతాడు. గాలి ఎటు నుంచి కొట్టిందో ఆ వైపు వాలు మీద దెబ్బలు ఎక్కువ ఉంటాయి, వెనక వాలు మీద తక్కువ. నాలుగు వైపులా సమానంగా పగిలి ఉంటే అనుమానించాలి. కోతులు తిరిగి ఉండొచ్చు, ఎప్పుడో కేబుల్ లాగినవాళ్లు తొక్కి ఉండొచ్చు. వాకిట్లో రేకు డబ్బాకు పడ్డ సొట్టలూ, వేపచెట్టు కింద చీలిన ఆకులూ చూసుకుంటాడు. ఇదంతా బీమా కంపెనీ సర్వేయరు కూడా చేసే పనే. ఒకరు బడిలో నేర్చుకున్నారు, ఒకరు కప్పు మీద నేర్చుకున్నారు.

పైకెక్కాక అడుగు పెట్టే తీరు చూడాలి. పెంకు నడుమ మీద కాలు పెట్టడు. కింద రీపరు ఉన్నచోట, పెంకు మీద పెంకు కప్పిన అతుకు దగ్గర, మడమ ఎత్తి మునివేళ్ల మీద బరువు వేస్తాడు. కొత్తవాడు పది పెంకులు మార్చడానికి ఎక్కి ఇంకో ఆరు విరగ్గొట్టి దిగుతాడు, ఆ ఆరూ వడగండ్ల ఖాతాలో పడతాయి. నమ్మకమైన మేస్త్రి వెడల్పు బల్లను వాలు మీద పరిచి దాని మీదే కదులుతాడు.

అనుమానం ఉన్న ప్రతి పెంకునూ వేలి కణుపుతో కొడతాడు. బాగున్నది ఖంగుమంటుంది, పగులు పట్టినది బొదబొదమంటుంది. కంటికి కనబడని వెంట్రుక పగులు చెవికి దొరుకుతుంది. విరిగిన అంచును చూసి వయసు చెబుతాడు. కొత్త విరుపు ఎర్రగా, పదునుగా, పొడిపొడిగా ఉంటుంది. పాత విరుపు నల్లబడి, మసీ నాచూ పట్టి, మొన అరిగి ఉంటుంది. సర్వేయరు రిపోర్టులో మొత్తం గొడవ ఈ ఒక్క రంగు మీదే తేలుతుంది. బీమా ఒక్కసారిగా వచ్చిన నష్టానికి ఇస్తుంది, కాలం గడిచి అరిగినదానికి ఇవ్వదు. నిజాయితీ ఉన్న మేస్త్రి ఎర్ర విరుపునూ నల్ల విరుపునూ రెండు కుప్పలుగా పెడతాడు. రెండు కుప్పలూ చూపించిన ఇంటివాడి మాటకు, అన్నీ వడగండ్లే అనేవాడి మాటకన్నా బలం ఎక్కువ.

ఇక మార్చడం. ఇది చూసి తీరాల్సిన పని. పగిలిన పెంకు పై వరసలోని రెండు పెంకులను రెండు చేతులతో పైకి జరుపుతాడు, ముక్కులు రీపరు దాటేంత మాత్రమే. పక్క పెంకు అంచును బొటనవేలితో కాస్త లేపుతాడు. ఆ సందులోంచి పగిలిన ముక్కలను లోపల పడనీయకుండా తనవైపు లాక్కుంటాడు. కొత్త పెంకును అదే సందులో కొంచెం ఏటవాలుగా దూర్చి, ముక్కు రీపరుకు తగిలిన చిన్న చప్పుడు విని, గాడిలో పెదవి కూర్చునేలా అరచేత్తో ఒక నొక్కు నొక్కుతాడు. తర్వాత పై పెంకులను కిందికి దించుతాడు. ఇంతే. చూస్తున్నవాళ్లకు ఏం జరిగిందో అర్థమయ్యేలోపు పక్క పెంకు దగ్గర ఉంటాడు. చొక్కా గుండీ పెట్టుకోవడానికి ఎంత ఆలోచిస్తామో అతను అంతే ఆలోచిస్తాడు.

అయితే ఏ పెంకు పడితే ఆ పెంకు ఆ గాడిలో కూర్చోదు. ఫ్యాక్టరీ ఫ్యాక్టరీకీ అచ్చులో మిల్లీమీటర్ల తేడా ఉంటుంది. అందుకే పాత పెంకుల అడుగున కంపెనీ పేరు అచ్చొత్తి ఉండటం ఇప్పటికీ పనికొస్తోంది. మేస్త్రి పగిలిన పెంకును బోర్లించి పేరు చదివి, అదే పేరున్నదాని కోసం ఊళ్లో వెతుకుతాడు. కూలగొట్టిన ఇళ్ల పెంకులు దొంతరలుగా పెట్టి అమ్మేచోట్లు అతనికి తెలుసు. నూరేళ్ల కిందటి కప్పుకు తోబుట్టువు లాంటి పెంకు అక్కడే దొరుకుతుంది. దొరక్కపోతే తెలివైన ఏర్పాటొకటి చేస్తాడు: వెనక వాలు మీది పాత పెంకులు తీసి ముందు వాలుకు సరిపెట్టి, కొత్త రకాన్ని మొత్తంగా వెనక్కి నేస్తాడు. రెండు రకాలు ఒకే వరసలో కలవవు కాబట్టి కారడమూ ఉండదు, వీధిలోంచి చూస్తే కప్పు రంగూ మారదు.

కొప్పు దగ్గర మాత్రం సున్నం పని తప్పదు. రెండు వాలులు కలిసేచోట బోర్లించిన కొప్పు పెంకులను గచ్చుతో పట్టిస్తారు. ఇక్కడే ఇప్పటివాళ్లు చెడగొడుతున్నారు. సిమెంటు పాలు ఎక్కువ వేస్తే గట్టిగా ఉంటుందనుకుంటారు. ఆ గట్టిదనం పెంకును కదలనివ్వదు, ఎండకు బీటలిస్తుంది. మళ్లీ విప్పబోతే గచ్చు చెక్కుచెదరదు, పెంకు విరుగుతుంది. పాత చేతులు సున్నం కలిపి మెత్తటి గచ్చు వేస్తాయి. రేపు ఇంకొకడు విప్పాల్సి వస్తుందని తెలిసి చేసే పని అది.

రేకుల ఇళ్ల గురించి క్లుప్తంగానే చెబుతాను, అక్కడ మెచ్చుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. ఆస్బెస్టాస్ రేకుకు పెద్ద రాయి తగిలితే నక్షత్రంలా పగులుతుంది, లేదా హుక్కు బోల్టు చుట్టూ చీలుతుంది. ఒకచోట పగిలినా రేకంతా మార్చాలి. దాన్ని ఎండుగా రంపంతో కోస్తే లేచే ధూళి ఊపిరితిత్తులకు చేటు. తడిపి, విరవకుండా దించాలి. బోల్టుల వరస తప్పి కాలు పెడితే మనిషే కిందికొస్తాడు. బల్ల లేకుండా రేకుల కప్పెక్కేవాణ్ణి ఎక్కనివ్వకండి.

చాంపియన్ రీఫ్స్‌లో ఇంకో చిక్కు ఉంది, అది మామూలు ఊళ్లలో ఉండదు. లోతు గనుల్లో రాతి ఒత్తిడి ఒక్కసారిగా పేలేది, దాన్ని ఇక్కడివాళ్లు ఎయిర్ బ్లాస్ట్ అనేవారు. పెద్దవి పేలినప్పుడు పైన ఇళ్లు కూడా అదిరేవి. రాతి ఒత్తిళ్ల మీద పరిశోధనకు 1988లో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ రాక్ మెకానిక్స్‌ను ఈ ఊళ్లోనే పెట్టారంటే ఊహించుకోండి. అదిరిన ఇంటి గుర్తులు వేరు: కిటికీ మూల నుంచి ఏటవాలుగా పాకే గోడ బీట, పొడవునా విడిపోయిన కొప్పు గచ్చు, వరస మొత్తం కిందికి జారిన పెంకులు. వడగండ్ల గుర్తులు చెదురుమదురుగా, ఎక్కువగా ఒక వాలు మీద, పెంకు నడుమో అంచునో ఉంటాయి. తవ్వకాల వల్ల నేల కుంగి వచ్చిన నష్టం మామూలు గృహ బీమాకు బయట. కాబట్టి ఈ రెండింటినీ కలిపి రాస్తే ఉన్న క్లెయిమ్ కూడా పోతుంది. పాత మేస్త్రులు ఈ తేడాను ఒక్క చూపులో చెబుతారు.

బీమా విషయానికొస్తే, 2021 ఏప్రిల్ 1 నుంచి బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఆదేశం మీద భారత్ గృహ రక్ష అనే ఒకే నమూనా పాలసీ వచ్చింది. ఇల్లు కొన్న ధరకు, స్థలం విలువకు దీనితో సంబంధం లేదు. మళ్లీ కట్టడానికి ఎంతవుతుందో దాని మీద లెక్క. ఇంట్లో సామానుకు, కట్టడానికి చేసిన బీమా మొత్తంలో 20 శాతం, పది లక్షలకు మించకుండా, దానంతటదే కలుస్తుంది. తక్కువ మొత్తానికి బీమా చేశారని క్లెయిమ్ కోసే పాత పద్ధతిని కూడా ఇందులో తీసేశారు, ఇది మెచ్చుకోవాల్సిన మార్పు. గాలివాన, తుఫాను, వరద ఒక పద్దు కింద ఉంటాయి. వడగండ్ల పేరు విడిగా కనిపించకపోతే పాలసీ తీసుకునేటప్పుడే అడిగి, జవాబు రాతలో తీసుకోండి.

సర్వేయరు రాకముందు మీరు చేయాల్సిన పనిలో సగం మేస్త్రి చేసే ఉంటాడు. కారుతున్నచోట టార్పాలిన్ కప్పించండి. నష్టం పెరగకుండా చూసుకోవడం పాలసీదారు బాధ్యత, అది చేస్తే క్లెయిమ్ చెడదు. పగిలిన ముక్కలు పారేయకండి. మేస్త్రి చెప్పిన లెక్కను కాగితం మీద గళ్లు గీసి రాయండి: ముందు వాలు, చూరు నుంచి ఏడో వరస, ఎడమ నుంచి పదకొండోది. ప్రతి గుర్తుకూ ఫొటో. వడగండ్లు కరగకముందే ఒకటి రెండు ఏరి, పది రూపాయల నాణెం పక్కన పెట్టి ఫొటో తీస్తే ఇంకా మంచిది, ఆ నాణెం అడ్డకొలత 27 మిల్లీమీటర్లు. కర్ణాటకలో విపత్తు పర్యవేక్షణ కేంద్రం పంచాయతీ స్థాయిలో వాన లెక్కలు ఉంచుతుంది. ఆ రోజు అక్కడ వాన వచ్చిందనడానికి అది సాక్ష్యం. మేస్త్రి కూలి చీటీ మీద తేదీ, పెంకుల సంఖ్య, సంతకం తప్పనిసరి. కంపెనీ జవాబు నచ్చకపోతే, లేదా నెల గడిచినా రాకపోతే, బీమా అంబుడ్స్‌మన్‌కు ఖర్చు లేకుండా ఫిర్యాదు చేయవచ్చు.

టెక్సాస్‌లో డల్లాస్ పక్కన ఫ్రిస్కో, ప్లేనోలలో ఉన్న మన తెలుగువాళ్లకు ఇదంతా పరిచయమే, కొంచెం వేరే రూపంలో. అక్కడ కప్పులు తారు షింగిళ్లు. వడగండ్ల దెబ్బకు అవి పెంకులా ముక్కలవడం కన్నా కమిలిపోవడమే ఎక్కువ, పైనున్న రేణువులు రాలిపోతాయి. బీమా అడ్జస్టరు ఒక్కో వాలు మీద పదడుగులకు పదడుగుల చదరం సుద్దతో గీసి, అందులో దెబ్బలు లెక్కపెట్టి, దాన్ని బట్టి వాలు మొత్తం మార్చాలా వద్దా తేలుస్తాడు. ఇంటివాడు తన వంతుగా ఇంటి బీమా మొత్తంలో ఒకటి రెండు శాతం భరించడం అక్కడ మామూలు. ఆ వంతును తానే మాఫీ చేస్తానని తలుపు తట్టే కాంట్రాక్టర్లు ఎక్కువై, 2019 సెప్టెంబరు 1 నుంచి టెక్సాస్ దాని మీద చట్టాన్ని బిగించింది. అక్కడా ఇక్కడా సుద్దముక్క ఒకటే. అక్కడ మాత్రం లెక్క తేలాక వాలంతా ఊడదీసి చెత్తబండి ఎక్కిస్తారు. ఇక్కడ పన్నెండు పెంకులు మార్చి దిగుతారు. పనితనంలో నా ఓటు ఇక్కడికే.

బీమా లేనివాళ్లే మన దగ్గర ఎక్కువ. వాళ్లకు ఉన్న దారి తహశీల్దారు ఆఫీసు. వడగండ్ల వాన విపత్తు సహాయ నిధి జాబితాలో ఉంది. 2022 నుంచి 2026 దాకా అని కేంద్రం పెట్టిన నిబంధనల ప్రకారం పక్కా ఇల్లు కొంత దెబ్బతింటే 6,500 రూపాయలు, కచ్చా ఇంటికి 4,000. ఆ నష్టం కనీసం 15 శాతం ఉండాలి. ఆ 15 శాతాన్ని పంచనామాలో చూపించేది కూడా వరసలు, నిలువుల లెక్కే. ఊరికే ఇల్లంతా పోయింది సార్ అంటే రాసేవాడు కలం కదపడు.

గని క్వార్టర్లలో ఉంటూ పేరు మీద పత్రం లేని కుటుంబాలకు కట్టడం మీద బీమా తీసుకోవడం కష్టం. కట్టడం మీద హక్కు చూపించాలని కంపెనీ అడుగుతుంది. వాళ్లు కనీసం తమ సామాను మీదైనా తీసుకోవచ్చు. పరుపులు, టీవీ, పిల్లల పుస్తకాలు, వాన కారితే ముందు పోయేవి అవే.

ఈ పని చేసే చేతులు ఏటేటా తగ్గుతున్నాయి. పెంకుటిల్లు పడగొట్టి స్లాబు వేసేవాళ్లు పెరిగారు, మేస్త్రి కొడుకు బెంగళూరు రైలెక్కుతున్నాడు. మీ ఊళ్లో ఇంకా ఒక పెంకు మేస్త్రి ఉంటే, మార్చి నెలలోనే పిలిచి కప్పంతా ఒకసారి సర్దించండి. ఆ రోజు కప్పు నాలుగు వాలులా ఫొటోలు తీసి తేదీతో దాచుకోండి. పది, ఇరవై పాత పెంకులు కంపెనీ పేరు చూసుకుని కొని, పెరట్లో గోడకు ఆనించి పెట్టుకోండి. అడిగిన కూలి ఇవ్వండి, బేరమాడొద్దు.